ఎండ వైపు సీటు అడిగిన మనిషి

మిట్టమధ్యాహ్నం బస్సులో నీడ వైపు కూర్చున్నవాడు లేచి వచ్చి, ఎండ వైపున్న నా సీటు తనకిమ్మని బతిమాలడం నా జీవితంలో ఒక్కసారే జరిగింది.

కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగేవాడికి మిగతా విద్యలు వచ్చినా రాకపోయినా బస్సు సీట్ల విద్య మాత్రం వచ్చి తీరుతుంది. చక్రం మీది సీటు నడుముకు పడదు. చివరి వరుస పేగులకు పడదు. తలుపు పక్కన కూర్చోవడమంటే దిగేవాళ్ళ సంచులకు చెంపలు అప్పగించడమే. ఎక్కేముందు సూర్యుడు ఎటున్నాడో, రోడ్డు ఎటు పోతుందో చూసుకుని నీడ వైపు కూర్చోవడం ఈ విద్యలో ఓనమాలు. ఆ రోజు నేను ఎక్కేసరికే నీడ వైపంతా నిండిపోయింది. ఎండ వైపు ఇద్దరు కూర్చునే సీట్లో నేనొక్కణ్ణే, ఒళ్ళో నత్తల జీవితం గురించి ఒక లావుపాటి పుస్తకం. ఎండకు దాని అట్ట వంకర తిరుగుతోంది. నేనూ తిరుగుతున్నాను.

అరగంట గడిచాక అటు నుంచి ఒకాయన లేచి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలు దారంతో మెడకు కట్టుకుని ఉన్నాడు. కొట్లలో చాక్లెట్లు పోసి పెట్టుకునే పెద్ద గాజు సీసా ఒకటి, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెలకు హత్తుకున్నాడు.

“పెద్దాయనా, ఏమీ అనుకోకండి. అటు నీడలో నా సీట్లో కూర్చుంటారా? నాకు ఎండ కావాలి.”

అడగకుండా మంచి సీటు ఇచ్చేవాణ్ణి నేను చప్పున నమ్మను. అక్కడ ఎవరో కక్కి ఉంటారు, లేదా కింద మేకు పొడుచుకొచ్చి ఉంటుంది. మెడ సాచి చూశాను. శుభ్రంగానే ఉంది. ఎండ నీకెందుకు నాయనా అని అడిగాను.

“నాకు కాదండీ, వీళ్ళకి,” అంటూ సీసా చూపించాడు.

సీసాలో ముప్పాతిక వంతు నీళ్ళు. నీళ్ళలో అరచేయంత రేకు ఒకటి నిలబెట్టి ఉంది, నల్లగా, పక్కకు వంచి చూస్తే నీలంగా మెరుస్తూ. దాని వీపంతా మఖమల్ గుడ్డ కప్పినట్టు పచ్చటి పాచి. ఆ పాచిలోంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి, ఎక్కడికీ తొందర లేనట్టు పైకి వస్తున్నాయి.

మేం ఈ మాటల్లో ఉండగానే ఆయన వదిలిన నీడ సీట్లో మూడు మూటలతో ఒకావిడ వచ్చి కూర్చుంది. ఎవర్నీ అడగలేదు. అలా నా నీడ రావడమూ పోవడమూ ఒక్క నిమిషంలో అయిపోయింది. చేసేదిలేక పక్కకు జరిగి ఆయనకు కిటికీ ఇచ్చాను. ఆయన సీసాను కిటికీ చట్రానికి ఆనించి, చిల్లులు పొడిచిన రేకు మూత తీసి నా చేతికిచ్చి, కాస్త పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. తర్వాత గడియారం చూసుకుంటూ ఒక నిమిషం పాటు పెదవులు కదిపాడు. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద పరుగెత్తింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

“ముప్పై ఎనిమిది,” అన్నాడు, జ్వరం చూసిన డాక్టరులా. “నీడలో ఇరవైకి దిగిపోయాయి, పాపం.”

పనిచేసే చోట ఈయన్ని అందరూ బుడగలాయన అంటారట. నేనూ అలాగే అంటాను. ఆయన ఉద్యోగమే అది. నా తిరుగుళ్ళలో గుడిసెల గుంజలకు చెదలు పట్టాయో లేదో చెవి ఆనించి వినేవాణ్ణి చూశాను, ఇరవై యేళ్ళుగా ఒకే బండరాయి ఎంత జరిగిందో కొలుస్తున్నవాణ్ణి చూశాను. ఆ రాయి జరగలేదు, ఆయన జుట్టు మాత్రం చాలా వెనక్కి జరిగింది. బుడగలు లెక్కపెట్టి ఇల్లు నడిపే మనిషిని చూడడం ఇదే మొదలు.

ఆయన చదువు పదో తరగతి దగ్గర ఆగింది. ఆగింది కూడా కిరణజన్య సంయోగక్రియ దగ్గరే. పరీక్షలో దాన్ని వివరించమంటే ఈయన ఒక్క వాక్యం రాశాడు: ఆకు ఎండ తిని మనకు గాలి పెడుతుంది. సున్నా వేశారు. “ఇప్పుడు మా ఆఫీసులో నలభై మంది పెద్దపెద్ద చదువులవాళ్ళు పొద్దస్తమానం ఆ ఒక్క వాక్యం మీదే తలలు బద్దలు కొట్టుకుంటున్నారండీ,” అన్నాడు. కోపంగా కాదు, తన వల్ల అందరికీ శ్రమ కలుగుతున్నందుకు నొచ్చుకుంటున్నట్టు.

పరీక్ష పోయాక రంగుల చేపలు అమ్మే కొట్లో చేరి పన్నెండేళ్ళు గాజు తొట్లు కడిగాడు. గాజు తొట్టి కడగడమంటే చేపలతో పని కాదు, పాచితో పని. గోకితే వస్తుంది, వారానికి మళ్ళీ వస్తుంది. పాచి అంత పట్టుదలగల శత్రువు తనకు జీవితంలో ఇంకొకరు లేరన్నాడు. కాసేపు ఆలోచించి, తోడల్లుడు కూడా ఉన్నాడులెండి అని సరిచేశాడు. ఆ తోడల్లుడు, అంటే ఆయన మరదలి భర్త, ఇళ్ళ మీద సౌర పలకలు బిగించే పని చేస్తాడు.

చేపల కొట్టు మూతపడ్డాక ఈయనకు ఆ పరిశోధన ఆఫీసులో పని దొరికింది. మేడమీద రెండు గదులు. ఒకటి ఆకు గది, రెండోది రేకు గది. ఆకు గదిలో దీపాల కింద పాలకూర మడులు. ఆ ఆకులు కోసి, మంచులో పెట్టి నూరి, అందులో ఎండను పట్టుకునే భాగం ఏదో విడదీసి చూస్తారు. పక్కన రేకు గదిలో అదే పని ఆకు లేకుండా చేయాలని చూస్తారు. ఏవేవో పూతలు పూసిన రేకును నీళ్ళలో నిలబెట్టి వెలుగు చూపిస్తే, నీరు రెండు గాలులుగా విడిపోయి బుడగలొస్తాయి. ఒకటి మనం పీల్చేది, రెండోది మండేది. ఆ మండే గాలిని పట్టి దాచుకుంటే ఎండను సీసాలో పోసి బిరడా పెట్టుకున్నట్టే. రెండు గదులకూ పెద్ద ఒక సైంటిస్టమ్మ. ఆవిణ్ణి అందరూ మేడం అంటారు. ఆవిడ నవ్వగా ఎవరూ చూడలేదు. ఆవిడకు యంత్రాల మీద నమ్మకం తక్కువ. లెక్క చెప్పే మీటర్లు పక్కన ఎన్ని ఉన్నా మనిషి కంటితో కూడా లెక్కపెట్టాలంటుంది. రోజుకు మూడుసార్లు, తొట్టికి అయిదేసి నిమిషాలు. ఆ కన్ను ఈయనది.

ఆకు గదిలో ఇంకో తమాషా ఉందన్నాడు. పచ్చటి వెలుగును ఆకు పెద్దగా పట్టించుకోదట. అందుకని దాన్ని నూరేటప్పుడు అదింకా చీకట్లోనే ఉన్నాననుకోవాలని, గదంతా మసక పచ్చ దీపం ఒక్కటే పెడతారు. ఆ పచ్చలో గంటసేపు ఉండి బయటికొస్తే కాసేపటిదాకా తెల్లగా ఉన్నవన్నీ గులాబీ రంగులో కనిపిస్తాయి. కిందే ఉన్న క్యాంటీన్‌లో ఈయన భార్య టీ అమ్ముతుంది. మెట్లు దిగి రాగానే మొదట కనిపించేది ఆవిడే.

“మూడేళ్ళు, పెద్దాయనా, మూడేళ్ళు నేను మెట్లు దిగితే చాలు మా ఆవిడ సిగ్గుపడుతోందనుకున్నాను. తర్వాత చూస్తే గోడ కూడా సిగ్గుపడుతోంది.”

తోడల్లుడి సంగతి ఇంకో రకం. చుట్టాలందరూ కూడిన చోట ఆయనకు వేరే కాలక్షేపం ఉండదు. “అన్నయ్యా, ఇవాళ ఎన్ని?” అని మొదలుపెడతాడు. తన పలక బిగిస్తే ఆ పూటే ఫ్యాను తిరుగుతుంది. మీ బుడగతో ఏం తిరుగుతుంది అని అడుగుతాడు. పొద్దుగూకితే మీ పలక పడుకుంటుంది, ఆకు ఎండను దాచుకుంటుంది అని ఈయన చెప్పబోతే అప్పటికే అందరూ నవ్వేసి ఉంటారు. ఒకసారి మాత్రం భార్య అందుకుంది. “బుడగతో నీ నోరు తిరుగుతోందిగా మరిదీ, పొద్దున్నుంచీ,” అంది. ఆ మాట నాకు చెబుతూ బుడగలాయన పక్కకు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఇంతలో బస్సు వంతెన దాటి మలుపు తిరిగింది. సూర్యుడు చల్లగా అటు వైపుకు మారిపోయాడు. బుడగలాయన గుండెల్లో రాయి పడ్డట్టు లేచాడు. అటు చూస్తే మూటలావిడ ఎండలో పడి, కొంగు నెత్తిన వేసుకుని, కొన్న సామానులో మోసం తేలినట్టు చూస్తోంది. ఈయన అడగడమే తరువాయి, మూటలన్నీ ఎత్తుకుని, పక్క సీటతణ్ణి కూడా లేపుకుని ఇటు వచ్చేసింది. నేను పుస్తకం, మూత పట్టుకుని ఆయన వెనకే అటు వెళ్ళాను. ఎండలోంచి లేచి ఎండలోకి. ఇన్నేళ్ళ నా సీట్ల విద్యకు అంతకు మించిన అవమానం జరగలేదు.

కండక్టరు వచ్చాడు. బస్సు నీ ఇల్లా అయ్యా, అందర్నీ లేపి సర్దుతున్నావు అన్నాడు. సీసాలో ఏముందన్నాడు. పాచి అన్నాడు ఈయన. పాచికి ఎండ కావాలి, ఎండ తగిలితే బుడగలొస్తాయి అని వివరించాడు. కండక్టరు వంగి చూశాడు.

“నేనూ పొద్దున్నుంచి ఎండలోనే ఉన్నా. నాకేం రావడం లేదే.”

అన్నాడే గానీ అక్కడే నిలబడి ఆ నిమిషం లెక్క పూర్తయ్యేదాకా చూశాడు. నలభై ఒకటి. ముందుకు వెళ్ళి డ్రైవరుకు చెప్పాడు కాబోలు, అద్దంలోంచి డ్రైవరు కళ్ళు మా వైపు తిరిగాయి.

అసలు కథ అప్పుడు చెప్పాడు. రేకు గదిలో పది తొట్లుండేవి. పోయినేడు కొత్త పూతతో పదకొండోది పెట్టారు. రేకు ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి కాబట్టి నలభై రోజులు ఈ తొట్టి కడగొద్దు, కదపొద్దు, నీళ్ళు తగ్గితే శుద్ధి చేసిన నీళ్ళు మాత్రం పొయ్యండి అంది మేడం. నాలుగో రోజున నీళ్ళు శుద్ధి చేసే యంత్రం పాడైంది. చూస్తే పదకొండో తొట్టిలో నీళ్ళు బొటనవేలంత దిగి రేకు నెత్తి బయటికొచ్చింది. రేకు ఆరితే పాడవుతుంది. మేడం ఊళ్ళో లేదు. ఈయన చేతిలో పాలకూర మడులకు నీళ్ళు పోసే డబ్బా ఉంది.

“ఒక్క గ్లాసుడేనండీ,” అన్నాడు. ఆ మాట అంతకు ముందు చాలాసార్లు, చాలామందికి చెప్పి ఉంటాడని గొంతులోనే తెలిసిపోయింది.

మామూలుగా రేకులు కొత్తలో నిమిషానికి పద్నాలుగు బుడగలు వేసి, రాను రాను నాలుగుకి దిగుతాయి. పదకొండో తొట్టి మూడో వారంలో పంతొమ్మిదికి ఎక్కింది. తర్వాత ముప్పై ఒకటి. తర్వాత నలభై. మేడం ఒకరోజు మెట్లెక్కుతూ కూనిరాగం తీసిందని ఆఫీసంతా పాకిపోయింది. పెద్ద ఆఫీసు నుంచి పెద్దలు చూడ్డానికి వస్తామన్నారు. రేకు ఇంత బాగా పనిచేస్తుంటే ఇక ఆకు గది ఎందుకు, దాన్ని మూసేద్దామన్నారు. ఆకు గది మూస్తే పాలకూర ఉండదు, పాలకూర లేకపోతే దానికి నీళ్ళు పోసేవాడూ ఉండడు.

పెద్దలు రావడానికి మూడు రోజుల ముందు బుడగలాయన కిటికీ అద్దాలు బయటి నుంచి తుడవడానికి నిచ్చెన ఎక్కాడు. అద్దానికి అవతల పదకొండో తొట్టి వీపు కనిపించింది. గదిలోంచి చూస్తే నల్లగా నిగనిగలాడే రేకు, వెనక నుంచి పచ్చగా ఉంది. పన్నెండేళ్ళు పాచి గోకిన మనిషికి ఒకరు చెప్పాలా? బుడగలు వేస్తున్నది రేకు కాదు, లేదా రేకు ఒక్కటే కాదు. నిచ్చెన మీదే కాసేపు ఉండిపోయాడట. కింద పట్టుకున్నవాడు, ఏమైందని రెండుసార్లు అరిచాడట.

భార్యకు చెప్పాడు. ఇవాళే వెళ్ళి చెప్పెయ్యండి అంది ఆవిడ. వెళ్ళాడు. మేడం ఎదురుగా నిలబడి నీళ్ళు నమిలాడు.

“మేడం, ఆ రేకు వెనక...”

“మూడేళ్ళ కష్టం ఉందయ్యా ఆ రేకు వెనక,” అంది మేడం, కళ్ళు మెరుస్తుండగా. ఈయన అవునండీ అని వచ్చేశాడు. మర్నాడూ వెళ్ళాడు. ఆవిడ కొత్త కుర్చీలు ఎన్ని కావాలో అడిగింది. చెప్పి వచ్చేశాడు. మూడో రోజు ఇక నోటితో అయ్యే పని కాదని, సాయంత్రం అందరూ వెళ్ళాక తొట్టిని జాగ్రత్తగా వెనక్కి తిప్పి పెట్టి ఇంటికి పోయాడు.

పొద్దున మేడం దాని ముందు కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఏం పోశారని అడిగింది. చెప్పాడు. ఎంత అని అడిగింది. ఒక్క గ్లాసుడే అన్నాడు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదన్నాడు. పెద్దలకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. వాళ్ళు, అయితే రెండు గదులూ మూసేద్దాం అన్నారు. తొట్లన్నీ కడిగెయ్యమంది మేడం. కడిగాడు. కడిగాక పదకొండో రేకు ఎంత వేసిందో తెలుసా? నాలుగు.

ఇక్కడ నేను ఒక పుస్తకం కథ చెప్పకుండా ఉండలేకపోయాను. వెనకటికి ఒకాయన గాజు బుడ్డి కింద కొవ్వొత్తి ఆరిపోయేదాకా ఉంచి, ఆ పాడైన గాలిలో పుదీనా కొమ్మ పెట్టి కొన్నాళ్ళు వదిలేశాడు. తర్వాత అందులో ఎలుకను పెడితే అది హాయిగా బతికింది. ఆకు గాలిని బాగుచేస్తుందని లోకానికి అలా తెలిసింది. బుడగలాయన అంతా విని, ఆ ఎలుక తర్వాత ఏమైందని అడిగాడు. పుస్తకంలో రాయలేదన్నాను. రాయరండీ అన్నాడు.

తొట్టి కడిగాడు గానీ ఆ పాచిని పారబోయడానికి ఈయనకు చెయ్యి రాలేదట. చేపల కొట్లో బకెట్ల కొద్దీ పారబోసిన చెయ్యే. చాక్లెట్ల సీసాలు రెండు తెచ్చి, గోకిన పాచిని చెరిసగం వేసి, భార్య టీ బల్ల పక్కన కిటికీలో పెట్టాడు. ఒక సీసాలో పాచి ఆసరా లేక తేలిపోతుంటే, ఆనుకోవడానికి గోడలా ఉంటుందని పక్కన పడేసిన పాత రేకు ఒకటి అందులో వేశాడు. అంతే చేసింది. అందులో మేధస్సేమీ లేదని నాకు మూడుసార్లు చెప్పాడు.

భార్య పనిలేనప్పుడు, మొగుణ్ణి ఏడిపించడానికే, సీసాల్లో బుడగలు లెక్కపెట్టేది. ఒకనాడు మేడం టీకి వచ్చినప్పుడు ఆవిడే అడిగింది. “మేడంగారూ, నాకొక సందేహం. ఈ ఉత్త పాచి పదకొండు వేస్తుంది. మీ రేకు నాలుగు వేస్తుందని ఆయన ఏడుస్తున్నారు. పదకొండూ నాలుగూ పదిహేను కదా. మరి రెండూ కలిపి పెట్టిన సీసా నలభై ఎలా వేస్తోంది?”

మేడం టీ గ్లాసు కింద పెట్టింది. గంటన్నర అక్కడే నిలబడి లెక్కపెట్టింది. టీ మూడుసార్లు చల్లారితే మూడుసార్లు మార్చారు. ఈ లెక్క ఎవరిదని చివరికి అడిగింది.

“నాదేనండీ. ఆయనైతే ఇంకో రెండు ఎక్కువే చెప్తారు. ప్రేమ.”

మేడం నవ్వింది. టీ బల్ల దగ్గరున్న నలుగురూ చూశారు, సాక్ష్యం ఉంది. రేకు నుంచి పాచికి ఏదో అందుతోంది, పాచి నుంచి రేకుకు ఏదో అందుతోంది, లేకపోతే ఈ కూడిక కుదరదు అంది. తర్వాత బుడగలాయన్ని పిలిచి ఇలా అంది: “మీరు చేసిన తప్పు మళ్ళీ చెయ్యండి. ఈసారి కొలిచి చెయ్యండి.”

అక్కడ పడ్డాయి తంటాలు. అదే డబ్బా, అదే నీళ్ళు, అదే గ్లాసు. పాతిక తొట్లలో పోశాడు. కొన్నిట్లో పాచి పట్టలేదు, కొన్నిట్లో పట్టి రేకును వదిలి గాజుకు అంటుకుంది, ఒకదాన్లో దోమలు పుట్టాయి. “తప్పు చెయ్యడం ఇంత కష్టమని నాకు తెలీదండీ. మొదటిసారి ఎంత తేలిగ్గా అయిందో.” ఇప్పటికి నలభై వేసేది లోకంలో ఒక్కటే, ఈ సీసా. గదులు మూసే విషయం తేల్చడానికి పెద్దలు ఆ రోజే పట్నంలో కూర్చున్నారు. మేడం కాగితాలతో ముందే వెళ్ళింది. కాగితాలు వద్దు, కళ్ళతో చూడాలన్నారట వాళ్ళు. సీసా పట్టుకుని రమ్మని పొద్దున ఫోను చేసింది. వాళ్ళు ఆరున్నరకు లేచి వెళ్ళిపోతారు. ఆ లోపల పచ్చగా, బుడగలతో చేరితే రెండు గదులూ ఉంటాయి. ఊరికే నీళ్ళలో పాచిలా చేరితే మేడం పెద్దల ముందు రెండోసారి నవ్వులపాలవుతుంది, ఈయన మళ్ళీ చేపల కొట్టు వెతుక్కోవాలి. ఇక తోడల్లుడి మాట చెప్పనే అక్కర్లేదు. ఒకసారి సీసాను సంచిలో పెట్టి ఇంటికి తీసుకెళ్తే పాచి ఎంత అలిగిందంటే, మళ్ళీ బుడగ వేయడానికి పూట పట్టిందట. అందుకే ఈ ఎండ పిచ్చి.

నాలుగున్నరకు రోడ్డు మళ్ళీ తిరిగింది. సూర్యుడు సరిగ్గా వెనకబడ్డాడు. ఈసారి ఎవరూ ఎవర్నీ అడగలేదు. చివరి వరుసలోవాళ్ళే లేచి వెనక అద్దం దగ్గర చోటిచ్చారు. మూటలావిడ ఒక మూట ఇచ్చి సీసా కింద ఎత్తు పెట్టుకోమంది. పేగులకు పడని సీటని చెప్పానే, అందులో నేనూ కూర్చున్నాను. లెక్క అయినప్పుడల్లా కండక్టరు “ఎంత?” అంటాడు, వెనక నుంచి జవాబు వెళ్తుంది, ముందు డ్రైవరుదాకా పాకుతుంది. నలభై రెండు అన్నప్పుడు డ్రైవరు ఊరికే ఒకసారి హారను కొట్టాడు.

అయిదుంబావుకు పట్నం నాలుగు కిలోమీటర్లుందనగా వెనక చక్రం పేలింది. పేలింది కూడా ఒక గుట్ట పక్కన. సూర్యుడు గుట్ట వెనక, బస్సు గుట్ట నీడలో. దిగి చూసిన డ్రైవరు, బండిని పైకెత్తే జాకీ డిపోలో ఉండిపోయిందని చెప్పాడు. వెనకొచ్చే బస్సుదే తెచ్చుకోవాలి. వెనకొచ్చే బస్సు ఎప్పుడొస్తుందో వెనకొచ్చే బస్సుకే తెలియాలి.

బుడగలాయన లెక్కపెట్టాడు. ఇరవై ఆరు. కాసేపటికి పదిహేడు. ఎవరూ ఎంత అని అడగడం లేదు. మూటలావిడ గుట్ట వైపు చూసి ఏదో గొణిగింది, గుట్టనే తిట్టిందనుకుంటాను. మళ్ళీ లెక్క. తొమ్మిది.

ఆయన మొహం చూడలేక, మనసు మళ్ళించడానికి, నాకు తెలిసిన ఒక డాక్టరు కథ ఎత్తుకున్నాను. దాదాపు రెండున్నర వందల యేళ్ళ నాటి మనిషి. వేసవిలో ఊరి బయట ఇల్లు తీసుకుని ఆకుల్ని నీళ్ళలో ముంచి కూర్చున్నాడు, ఒక్క వేసవిలో అయిదు వందలసార్లు. ఎండలో పెడితే ఆకు నుంచి బుడగలొస్తాయి, నీడలో పెడితే ఆగిపోతాయి, కాబట్టి నాయనా, ఆకుకు కావలసింది వేడి కాదు, వెలుగు, ఆ డాక్టరు అప్పుడేం చేశాడంటే, అని నేను చెబుతూ పక్కకు తిరిగితే పక్కన మనిషి లేడు.

దిగిపోయాడు. గుట్ట నీడ రోడ్డు మీద వంద అడుగుల దాకా పరుచుకుని అక్కడ ఆగింది. దాని అవతల రోడ్డంతా పసుప్పచ్చటి ఎండ. ఆయన పొడుగు కాళ్ళతో పరుగులాంటి నడకతో ఆ గీత దాటాడు. దాటి పట్నం వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. ఇబ్బంది నాకు ఇక్కడి నుంచే అర్థమైంది. సూర్యుడు వెనక ఉన్నాడు, సీసా ముందు ఉంది, మధ్యలో ఈయన ఉన్నాడు. తన నీడే సీసా మీద పడుతోంది. తల మీద పెట్టుకున్నాడు. అలా పెట్టుకుంటే లెక్క కనబడదు. దించాడు. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత మా వైపు తిరిగి, సీసాను ఎడమ చంకలో ఎండకు ఎదురుగా పొదువుకుని, పట్నం వైపు వెనకడుగులతో నడవడం మొదలుపెట్టాడు.

కండక్టరు, డ్రైవరు, మూటలావిడ, నేను, అందరం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాం. మూత ఇంకా నా చేతిలోనే ఉంది. “మూతయ్యా” అని ఒకసారి పిలిచాను. గుట్ట నీడ మెల్లగా రోడ్డు మీద ఆయన వెంట సాగుతోంది, ఆయన దానికి అందకుండా అడుగు వెనక అడుగు వేసుకుంటూ, ఎదురొచ్చిన సైకిలును కూడా చూడకుండా పట్నం వైపు పోతున్నాడు. సైకిలతనే తప్పుకున్నాడు. బుడగలాయన మొహం మొదటి నుంచి చివరిదాకా మా వైపే ఉంది. వెళ్ళొస్తానని చెప్పడానికి తిరగాల్సిన పని కూడా లేదు, ఒక్కసారి కళ్ళెత్తితే చాలు. ఎత్తలేదు. పెదవులు కదులుతున్నాయి. మనిషి చిన్నగా అయిపోయి వేళ్ళు విడివిడిగా కనిపించకుండా పోయే ముందు, కుడిచేతి బొటనవేలు కణుపుల మీద తొందర తొందరగా పరుగెత్తడం చూశాను.